బేస్ పెట్టెల ధింసా

అరకు జాతరకని నేనే కట్టిన రెండు బేస్ స్పీకర్ పెట్టెలతో కిరండూల్ పాసింజరెక్కాను. విడివిడిగా గుండెలదరగొట్టేవి, జోడీగా మోగిస్తే బేస్ మాయమయ్యేది! ఎదుటి సీట్లో ఒక గిరిజన ముసలామె వింతగా చూస్తోంది. సరదాగా టార్చి సెల్లు రెండింటి తీగలకూ ఒకేలా తాకించాను. స్పీకర్ల అట్టలు కదిలాయి.

"ఇదేటి బాబూ, ఒకటి ముందుకొత్తంది, ఇంకోటి ఎనక్కెల్తంది! మా ధింసా ఆటలో ఇలాగడుగేత్తే వరస తెగిపోదేటి?" అంటూ లేచి, నా నడుం చుట్టూ చెయ్యేసి, ఊగుతున్న బోగీలో తనతోపాటు ఒక అడుగు ముందుకు వేయించింది.

ఎగిరి గంతేశాను. ఒక పెట్టెలో తీగలు తారుమారయ్యాయన్నమాట, ఒకటి తోసిన గాలిని ఇంకోటి లాగేసుకుంటోంది! అక్కడే మార్చి కలిపాను. ఆమె టైడాలో దిగిపోయింది. సాయంత్రం అరకులో నేల దద్దరిల్లింది.

ఇప్పటికీ పెట్టెలకు తీగలు కలిపేటప్పుడు నా కాలు దానంతటదే ఒక అడుగు ముందుకు పడుతుంది.