జ్ఞానవతి ఉపవాసం

మా అత్తయ్య జ్ఞానవతి మా దీవుల్లోని ఫెరార్‌గంజ్‌లో పుట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం వాళ్లది. పెళ్లయి గరాచర్మ చేరాక పెరట్లో కూరలు పండించి, బస్సులో పట్నం తీసుకెళ్లి అమ్మేది. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి పడవ ఆలస్యమైనా ఆమె చేసే మొదటి పని ఒకటే: అన్నం మానేసి ప్రార్థించడం.

మా పాప ప్రేమ కాలేయం పాడైంది; ఇంట్లో ఒకరి కాలేయం నుంచి ముక్క తీసి పెట్టాలన్నారు. నా రక్తం గ్రూపు గానీ, మా ఆయన ఏలీయాది గానీ బిడ్డకు సరిపడలేదు. "నాది ఒకపాలి చూడండి" అంది అత్తయ్య. సరిపోయింది. అందరం చెన్నై వెళ్లాం.

నేను జంతుశాస్త్రం చదివాను. డాక్టరు చెప్పేది అర్థమయ్యేకొద్దీ భయం పెరిగేది. కాలేయం ముక్కను బయటికి తీశాక దానికి రక్తం అందదు. మంచులో ఉంచితే నష్టం నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. అందుకే పక్కపక్క గదుల్లో ఇద్దరికీ ఆపరేషన్ చేస్తారు. పాప ఒంట్లో చోటు సిద్ధమయ్యాకే అత్తయ్య నుంచి ముక్క తీస్తారు.

తీరా ముందురోజు అత్తయ్య రక్తపరీక్షలో పసిరికల అంకె, అంటే కామెర్లను చూపే బిలిరుబిన్, పెరిగింది. ఆపరేషన్ వాయిదా వేశారు. పాప పొట్ట రోజురోజుకీ ఉబ్బుతోంది.

"అత్తయ్యా, అన్నం తింటున్నారా?"

"తింటన్నానే."

"ఏం కూర?"

ఆమె తల దించుకుంది. "పిల్ల కోసం ఉపాసముంటే తప్పేటే? నీ సైన్సులో దేవుడు లేడేటి?"

పస్తులుంటే కూడా ఆ అంకె పెరుగుతుందని, కడుపునిండా తింటే మళ్లీ చూద్దామని డాక్టరన్నాడు. దేవుడికిచ్చిన మాట తప్పనని అత్తయ్య మొండికేసింది. ఏలీయా మా పాస్టరు యిర్మియాగారికి ఫోను కలిపాడు.

"దీదీ, నీ ఉపవాసం మాకిచ్చేయ్. సంఘమంతా వంతులేసుకుంటాం. మీ పక్కింటి ప్రేమయ్య కూడా ఒప్పుకున్నాడు!"

"ఆడా? అరే, టీ లేపోతేనే పడిపోతాడు బాబూ!" ఏడుస్తూనే నవ్వింది.

ఆ పూట పప్పన్నం కలిపి నేనే ముద్దలు పెట్టాను. పసిదానిలా నోరు తెరిచింది. తర్వాతి పరీక్షలో అంకె దిగింది.

ఆపరేషనయ్యాక సర్జన్ బయటికొచ్చి, ముక్కను ఎక్కువసేపు బయట ఉంచాల్సి రాలేదని, పాప ఒంట్లో రక్తం పారగానే దానికి రంగు తిరిగొచ్చిందని చెప్పాడు. అత్తయ్య కళ్లు తెరిచాక ఆ మాటే చెవిలో చెప్పాను.

"అయితే జల్దీ ఫోన్ చెయ్యే," అంది. "ఆళ్లందర్నీ తినమను."