సరోజక్క కోసం వీధంతా ఆడిన అబద్ధం

సత్రపట్టి నుంచి గాయాలకు కట్లు కట్టే గుడ్డ మూటలతో వ్యాను ఇప్పుడే మన వీధి దాటింది. ఉడికిన నూలు వాసన, బ్లీచింగు ఘాటు, తలుపు మూసినా లోపలికొచ్చేస్తాయి. ఆ గుడ్డ నేసే మగ్గాలే నడిపిన పక్కింటి పెదనాయన కూతురు సరోజక్క ఒంటిమీద కూడా ఇదే వాసన ఉండేది. అమ్ములూ, రక్షణశాఖ ఉద్యోగం ఫారంలో విదేశాల్లోని బంధువుల గురించి ఏం రాయాలని అడిగావు కదా. సింగపూర్‌లో మీ అత్త ఉంది, అక్కడి పౌరసత్వం తీసుకుంది, ఉన్నదున్నట్టు రాయి. రాశానని ఇంట్లోవాళ్ళకీ, చుట్టుపక్కలవాళ్ళకీ చెప్పు. ఎందుకో ఈ అవ్వ చెప్తుంది, వినండి, నువ్వూ నీ తమ్ముడూ.

నాకు లెక్కలంటే భయం. సాయంకాలం వాళ్ళింటి ముందు తిన్నెమీద కూర్చోబెట్టి ఆ భయం పోగొట్టింది సరోజక్కే. మా నాన్న నా చదువు చాలన్నప్పుడు ఆమె వచ్చి, "చిన్నాయనా, దీన్ని కాలేజీకి పంపకపోతే దినమూ మీ ఇంటికే వచ్చి అన్నం తింటా, చూసుకోండి" అంది. నాన్న నవ్వేశారు. నేను కాలేజీకి వెళ్ళాను.

అక్క ఫిజిక్సు చదివింది. రక్షణశాఖ ప్రయోగశాలలో ఉద్యోగానికి ఎంపికైంది. పోలీసు విచారణలో నెగ్గితేనే చేరనిస్తారు. అక్క చెల్లెలు వల్లిని కొలంబోలో కొట్టు ఉన్న మేనమామ కొడుక్కి ఇచ్చారు. అతను ఆ దేశపు పౌరుడు. లంకలో యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో మన తమిళనాడులో ఆ దేశం పేరెత్తితే ఆఫీసర్ల ముఖాలు మారేవి.

"వల్లి పేరు ఎందుకమ్మా రాసేది? ఎవరికి తెలుస్తది?" అన్నారు పెదనాయన.

"చెల్లెలు ఉందా అని కాదు నాయనా, దాచినానా అని చూస్తారు వాళ్ళు" అంది అక్క. అన్నీ రాసింది. అంతకు ముందు నెలే వల్లి తన కొడుక్కి చెవులు కుట్టించడానికి వచ్చి, పుట్టింట్లోనే ఉండి వెళ్ళిందని కూడా రాసింది. ఆ విందు మా వీధంతా తిన్నది.

మన వీధి పద్ధతి మీకు తెలీదు. సర్కారు మనిషి వచ్చి పక్కింటి సంగతి అడిగితే ఆ ఇంటిని కాపాడాలి, అంతే. అప్పు జప్తుకు కోర్టు అమీను వచ్చినా "ఊళ్ళో లేరు" అనేవాళ్ళం. విరుదునగర్ నుంచి విచారణకు ఆఫీసరు వచ్చినప్పుడు అక్క ఇంట్లో లేదు. అక్క అన్నీ రాసిన సంగతి తెలియని మా అమ్మ ఆయనకు కాఫీ ఇచ్చి, "లంకలో ఉండే చెల్లెలా? పెండ్లప్పుడే తగవు వచ్చిందయ్యా. పోకా లేదు, రాకా లేదు" అంది. ఎదురింటి సుబ్బమ్మవ్వ ఇంకో మెట్టెక్కింది. "ఆ పిల్ల ఎప్పుడో చచ్చిపోయింది సామీ!"

ఆఫీసరు అన్నీ రాసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం అమ్మ గర్వంగా అక్కకు చెప్పింది. అక్క చేతిలో పూలసంచి అలాగే ఉండిపోయింది. "అట్ల చెప్పినారా, చిన్నమ్మా?" అంది. సంచి తిన్నెమీద పెట్టి, "సరి, పోనీండి. కాఫీ తాగినాడా ఆయన?" అని లోపలికి వెళ్ళింది.

ఉద్యోగానికి అనుమతి లేదని జవాబొచ్చింది. కారణం చెప్పలేదు. అక్క ఎక్కడెక్కడికో రాసింది, ఎవరూ చెప్పలేదు. చివరికి సేత్తూరు బడిలో లెక్కల టీచరుగా చేరింది. వల్లికి సంగతి తెలిసి, "నా వల్లనే అక్క బతుకు ఇట్లయింది" అని ఏడ్చిందట. ఆ తర్వాత రావడం మానేసింది, ఫోను కూడా మానేసింది. అమ్మ నోటి నుంచి వచ్చిన 'పోకా లేదు, రాకా లేదు' చివరికి నిజమైపోయింది.

అక్క మా అమ్మను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. పండగకు పలహారం పంపడం మానలేదు. అదే నాకు ఎక్కువ బరువు. అందుకే ఎవరింటి సంగతి ఎవరడిగినా, "వాళ్ళనే అడగండి" అంటాను. ముసలిదానికి పొగరని వీధిలో అంటారు. అననీ.

నా పెళ్ళయ్యాక, చంకలో పిల్లతో ఉండగా, ఒక పొద్దున అక్క బస్‌స్టాండులో కలిసింది. ధైర్యం చేసి అడిగాను.

"అక్కా, ఆ ఉద్యోగం పోయింది వల్లి అక్కడ ఉన్నందుకా? మేము చెప్పినదానికా?"

సేత్తూరు బస్సు వచ్చింది. కొంగు నడుముకు దోపుకుని ఎక్కింది. కిటికీ లోంచి, "పిల్లకు టోపీ పెట్టు, చలిగా ఉంది" అని నవ్వింది.

ఆమె పోయి మూడేళ్ళయింది. పక్కింటి తిన్నె ఖాళీగానే ఉంది. నేను మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నాను.

మా వల్లనేనా, అక్కా?