సంతకం పెట్టని పుట

శిష్యుని పేరిట గురువు తిలోదకాలు విడవడం క్రమం తప్పిన కార్యం. పెద్దవాడు ముందు వెళ్ళాలి, చిన్నవాడు వెనుక నిలిచి తలచుకోవాలి. స్మరణకు లోకంలో ఏర్పడిన వరుస అది. ఆ వరుస తిరగబడిన వేళ మౌనం వహించడం కంటె సాక్ష్యం చెప్పడమే ధర్మమని తోచి ఈ మాటలు వ్రాస్తున్నాను. కామెర్లతో కొన్నాళ్ళు బాధపడి నా శిష్యుడు వెళ్ళిపోయాడని, వాళ్ళ ఊరు కూరెకుప్ప నుండి అతని భార్య ఫోన్ చేసి చెప్పింది. చెప్పి, "సార్, మీరు మాత్రలు వేసుకుంటిరా?" అని అడిగింది. ప్రతి ఉదయం ఆ ప్రశ్న అడిగేవాడు అతడు. ఆ పూట ఆమె అడిగింది.

బళ్ళారి దగ్గరి కురుగోడు పాఠశాలలో నేను తెలుగు చెప్పేవాణ్ణి. చుట్టూ కన్నడం, పద్యమంటే పిల్లలకు పరీక్షలో దాటవలసిన గుంట. ఇతడొక్కడు తానే ఒక పద్యం అల్లి తెచ్చాడు. ఎండాకాలంలో కాలువ పొంగి పొరలిందని వర్ణించాడు. "యతి కుదిరిందని పద్యం కాదప్పా. ఎండాకాలం మన కాలవలో నీళ్ళు యాడున్నాయి?" అన్నాను. తరగతి నవ్వింది. అతడు నవ్వలేదు, మరునాడు ఎండిన కాలువ మీద ఇంకొక పద్యం తెచ్చాడు.

తరువాత డిప్లొమా చదివి తోరణగల్లు ఉక్కు కర్మాగారంలో చేరాడు. కాగిన ఇనుము విడిచే వెలుగును బట్టి దాని వేడిని కొలవడం అక్కడ అతని పని. ఇరవై ఏళ్ళు అదే చేశాడు. పిమ్మట బెంగళూరులో గుండె వైద్యానికి పరికరాలు చేసే ఒక ప్రయోగశాలవారు, వెలుగును కొలవడం చేతితో ఎరిగినవాడు కావాలని పిలిస్తే వెళ్ళాడు. ఆదివారం ఇంటికి వచ్చినప్పుడల్లా మోటారు సైకిలు మీద నా దగ్గరకు వచ్చి, ఒక పద్యం చెప్పించుకొని, తన పని సంగతి చెప్పేవాడు.

పాడైన గుండె కవాటం స్థానంలో కొత్తది పెట్టడానికి ఈ కాలంలో అందరికీ రొమ్ము తెరవనవసరం లేదు. తొడ దగ్గరి ధమనిలో నుండి సన్నని గొట్టం పంపి, దాని కొనన మడిచి ఉంచిన కవాటాన్ని గుండెలో విప్పుతారు.

"లోపల చీకటి సార్. ఎక్స్‌రేలో నీడ కనపడతాది. కవాటం గట్టిగా కూర్చుండాదా, వదులుగా ఉండాదా అనేది డాక్టరుకు తెలియాల గదా. గొట్టం కొనకు వెంట్రుక లాంటి గాజు పోగు పెడతాండాం. వొత్తితే అందులో వెలుగు మారుతాది. దాన్ని చదవల్ల."

"ఇన్నాళ్ళూ కొలిమి చూసినోడివి, ఇప్పుడు గుండె చూస్తావా?"

"రెండూ కాగేవే గదా సార్."

తోరణగల్లు ఎర్రదుమ్ములో ప్రతి కొలతకు ముందు పరికరపు అద్దాన్ని చొక్కా అంచుతో తుడవడం అతని అలవాటు. ప్రయోగశాలలో చేరిన తొలి వారమే, అదే చేత్తో గాజు పోగు కొనను తుడిచాడు. అది పుటుక్కున విరిగింది. ఇతరులు వారాల తరబడి సిద్ధం చేసిన పోగు అది. ఎవరూ చూడలేదు; తానే వెళ్ళి చెప్పుకున్నాడు. "అప్పట్నుంచి చొక్కా ప్యాంటులో దోపుకుంటాండా సార్. అంచు దొరికితే గదా తుడిచేది" అన్నాడు.

నిరుడు నా కవాటమే ఇరుకైపోయిందని వైద్యులు చెప్పారు. అతని పోగు సిద్ధమయ్యేదాకా ఆగుతానన్నాను. నా మీద అతడు కోపగించింది ఆ ఒక్కసారే.

"మీరు కాచుకుంటే నేను తొందరపడతా. తొందరపడితే తప్పు చదువుతా. సుమ్మనే, మారుమాట లేకుండా ఆసుపత్రికి నడవండి సార్."

ఉన్న పద్ధతిలోనే నాకు కొత్త కవాటం పెట్టారు. నేను మేలుకొనేసరికి అతడు పక్కన కుర్చీలో, నా కళ్ళద్దాలు చేతిలో పట్టుకొని కూర్చున్నాడు.

జబ్బు పడటానికి ముందు చివరిసారి వచ్చినప్పుడు అతని ముఖం వాడి ఉంది. రబ్బరుతో చేసిన గుండె బొమ్మలో గోరువెచ్చని నీరు పారించి పోగును పరీక్షించారట. కవాటం గట్టిగా కూర్చుందని పోగు చెప్పిందట. ఇక పరీక్షల పుట మీద అతని సంతకం పడితే పని తరువాతి మెట్టుకు వెళుతుంది. అతడు పెట్టలేదు.

"కవాటం తగలకముందే, వెచ్చని నీళ్ళు రాంగానే అంకె లేస్తాది సార్. అది వొత్తిడి గాదు, వేడి. ఇరవై ఏండ్లు వెలుగులో వేడి చూసినోణ్ణి, నాకు తెల్దా? గట్టిగా ఉండాదని నమ్మి డాక్టరు వదిలేస్తే, అది జారితే ఏం గావాల?"

"వాళ్ళేమంటారు?"

"అంత చిన్న తేడా లెక్కలోకి రాదంటాండారు. చెడ్డోళ్ళు గాదు సార్. మూడేండ్ల కష్టం వాళ్ళది."

"నువ్వేమంటివి?"

"మీ మాటే అంటి. యతి కుదిరిందని పద్యం గాదంటి. ఆడ ఒక్కరికీ తెలీలేదు."

ఇద్దరం నవ్వుకున్నాం. అటుపై అతడు మంచం పట్టాడు. నాకు ఒకటే చింత మిగిలింది: అడ్డు చెప్పినవాడు లేకపోయాక ఆ పుట మీద మరెవరో సంతకం చేస్తారేమోనని. శవం పక్కన కూర్చున్నప్పుడు కూడా నన్ను తొలిచింది ఇదే. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

పదకొండవ నాడు అతనితో పని చేసిన అనంతపురం అమ్మాయి బెంగళూరు నుండి వచ్చింది. భోజనాలయ్యాక నేనే అడిగాను.

"ఆ పుట సంగతి ఏమైందమ్మా?"

"అట్లే ఉండాది సార్. ఎవరమూ పెట్టలేదు." ఫోన్ తీసి, మంచం మీద నుండి అతడు గీసి పంపిన బొమ్మ చూపింది. ఆసుపత్రి మందుల చీటీ వెనుక, వణుకుతున్న గీతలతో పక్కపక్కన రెండు పోగులు. "రెండో పోగు దేనికీ తగలకుండా పక్కనే ఉండల్లంట. అది వేడిని మాత్రమే చెప్తాది. మొదటిదాంట్లోనుంచి దాన్ని తీసేస్తే వొత్తిడి మిగులుతాది. మళ్ళా మొదట్నుంచి మొదలుపెట్టినాం సార్. ఇంకో ఏడాది పట్టొచ్చు."

పట్టనీ అన్నాను.

ఇప్పుడు ఆదివారం ఉదయం పద్యం పెదవి దాకా వచ్చి ఆగిపోతుంది. వినేవాడు లేని పద్యాన్ని పైకి చదవడం నాకింకా చేతకాలేదు. నా గుండె మాత్రం బాగానే నడుస్తున్నది.

ఆ రెండు పోగులు మొదటిసారి ఎవరి గుండెలోకి వెళతాయో, ఆ తల్లి గాని తండ్రి గాని నిండు నూరేళ్ళు వర్ధిల్లుదురు గాక. వాటిని మలచే చేతులకు ఓర్పు కలుగు గాక. తెర మీద అంకె కోరినట్టే పలికిన వేళ, గొట్టం పట్టిన చేయి ఒక్క ఊపిరి సేపు ఆగి మరల చూచు గాక.