నాన్న కోటు, నా ఎర్ర వృత్తం

ఆ రోజుల్లో నిటారుగా ఉన్నదేదైనా నా కంటికి కళాద్రోహంలా కనిపించేది. తప్పు నాది కాదు (అని అప్పట్లో అందరితో వాదించేవాణ్ణి), హైదరాబాదులో మా బొమ్మల కాలేజీ లైబ్రరీలో దొరికిన ఒక లావుపాటి పుస్తకానిది. వందేళ్ల కిందట రష్యాలో కొందరు చిత్రకారులు పూలూ కొండలూ గీయడం మానేసి, ఎర్ర వృత్తాలు, నల్ల పట్టీలు, ఏటవాలు అక్షరాలు, కత్తిరించి అతికించిన ఫొటోలతో పోస్టర్లు తయారుచేశారట. బొమ్మను గీయడం కాదు, ఇల్లు కట్టినట్టు కట్టడం. అందుకే దాన్ని నిర్మాణవాదం అన్నారు. బొమ్మ గోడకు వేలాడుతూ కూర్చోకూడదు, వీధిలోకొచ్చి పని చేయాలి అన్నది వాళ్ల పట్టుదల. మా బ్యాచ్‌లో సగం మందికి ఆ పిచ్చి పట్టుకుంది. అందరి బొమ్మలూ ఒకే వైపు ఒరిగిపోయాయి. ఒకడైతే హాస్టల్లో మంచం కూడా గదికి అడ్డంగా ఏటవాలుగా వేసుకుని, రాత్రిళ్లు లేచినవాళ్లందరి కాళ్లూ పగలగొట్టాడు. నేను వాళ్లందరికంటే నిజాయితీపరుణ్ణి, అంటే అందరికంటే మూర్ఖుణ్ణి. వీధిలోకి రమ్మన్నారు కదా అని, చదువైపోగానే సూర్యాపేటలో ఒక ఫ్లెక్సీల దుకాణంలో చేరిపోయాను.

ఆ దుకాణం యజమానిని అందరం పన్నెండెనిమిది అన్న అనేవాళ్లం. పుట్టినరోజైనా పెళ్లైనా ప్రపంచమంతా ఆయనకు పన్నెండడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తులోనే కనిపించేది. పెద్దాయన ఫొటో పెద్దగా, చిన్నవాళ్లవి చిన్నగా, కింద శుభాకాంక్షలు చెప్పే పాతికమంది నల్లకళ్లద్దాలతో వరసగా. ఇదీ ఆయన శాస్త్రం. నేను ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలో అమ్మాయిని నలభై అయిదు డిగ్రీలు వంచితే, ఆయన మెడ కూడా అంతే వంచి చూశాడు. "ఇదేంది తమ్మీ, పిల్ల పడిపోతున్నదా? ఎరుపు నలుపు పెడితే ఏదో పార్టోళ్లదనుకుంటరు. జర పసుపు పుయ్యి, పూలు సల్లు, మనుషులను సక్కగ నిలబెట్టు. అయిపాయె!" అనేవాడు. రోజుకు పదిసార్లు నిలబెట్టాను. ప్రతిసారీ పళ్లు నూరుకుంటూనే నిలబెట్టాను.

అలాంటి సమయంలో నాన్న రిటైర్మెంటు వచ్చింది. నాన్న కోదాడలో సోషల్ టీచరు. బొమ్మల చదువు చదువుతానంటే ఇంట్లో సరేనన్న ఒకే ఒక్క మనిషి ఆయన. ఆ పాపానికి బంధువులంతా కనిపించినప్పుడల్లా "ఆ సదువుతోని ఏమొస్తది?" అని నన్ను కాదు, ఆయన్నే అడిగేవారు. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఈసారి మాత్రం స్టాఫ్‌రూములో, చుట్టాలిళ్లలో, చివరికి మంగలి షాపులో కూడా చెప్పుకున్నారు: "ఫ్లెక్సీ మావాడే చేస్తుండు." అన్నేళ్ల ప్రశ్నకు నేను పన్నెండెనిమిదిలో జవాబివ్వాలన్నమాట. దానికోసం ఆయన పనిగట్టుకుని మిర్యాలగూడ వెళ్లి, ఎవరో గొప్పగా తీస్తాడని చెప్పిన స్టూడియోలో, జీవితంలో మొదటిసారి కోటు వేసుకుని రంగుల ఫొటో దిగారు. కోటు స్టూడియోవాళ్లదే. వదులుగా ఉంటే వెనకాల క్లిప్పులు పెట్టి బిగించారట. ఫొటో నా చేతిలో పెట్టి, "కోటు మంచిగ కనవడాలెరా" అన్నారు. ఆయన కోరింది అదొక్కటే.

నేను ఏం చేశానో చెప్పాలంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. ముందు రంగులన్నీ తీసేసి ఫొటోని నలుపు తెలుపు చేశాను. తర్వాత కోటు కూర్పుకు అడ్డమొస్తోందని మెడ దగ్గర కత్తిరించి పారేశాను. మిగిలిన తలను ఎర్ర వృత్తంలో పెట్టి, పక్కన ఏటవాలుగా నల్ల పట్టీ లాగాను. శుభాకాంక్షలు వగైరా ఎందుకు, బొమ్మే మాట్లాడాలి అనుకుని, కింద పేరు, ఉద్యోగంలో చేరిన సంవత్సరం, చిన్న గీత, దిగిపోయే సంవత్సరం వేసి ఊరుకున్నాను. పన్నెండెనిమిది అన్న ఆ రోజు మెషీన్ సామాను కోసం హైదరాబాదు వెళ్లాడు. ఉండి ఉంటే నన్ను తన్నయినా ఆపేవాడు. మర్నాడు పొద్దున్నే కోదాడ బస్సెక్కి, బడి గేటుకు దాన్ని నా చేతులతో నేనే కట్టి, నాలుగడుగులు వెనక్కేసి చూసుకుని, మైకుసెట్టు కోసం బజారుకెళ్లాను.

గంటలో తిరిగొచ్చేసరికి ఫ్లెక్సీకి మూడు పూలదండలున్నాయి. కింద అరటిపండుకు గుచ్చిన అగరొత్తులు వెలుగుతున్నాయి. ఎవరో కొబ్బరికాయ కూడా కొట్టారు. హెడ్‌మాస్టరమ్మ శాలువా కొనడానికి వెళ్లడంతో బడి పీఈటీ సారు చేతిలో ఉంది. ఆయన నాన్నకు ఫోన్ చేస్తే ఎత్తలేదు (అది అమ్మ సంచీలో లడ్డూల కింద మోగుతోందని తర్వాత తెలిసింది). ఇంకేముంది, పొడుగ్గా విజిలేసి పిల్లల్ని నిలబెట్టి, రెండు నిమిషాలు మౌనం పాటించి, సెలవిచ్చి ఇళ్లకు పంపేశాడు. నన్ను చూడగానే గట్టిగా పట్టుకుని, "రిటైరయ్యే రోజునే పోయారా బాబూ! నిన్న సాయంత్రం కూడా నాతో టీ తాగారయ్యా!" అని ఏడుపు. అప్పుడు తలెత్తి నా ఫ్లెక్సీని మళ్లీ చూశాను. మన వైపు నలుపు తెలుపు ఫొటో, కింద రెండు సంవత్సరాలు ఎవరికి వేస్తారో నాకు తెలియదా? నెలకు ఇరవై శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు నా చేత్తోనే చేసేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే నాన్న స్కూటర్ మీద, వెనక అమ్మతో, ఇస్త్రీ చొక్కాతో దిగారు. మధ్యాహ్న భోజనం వండే అవ్వ "ఓ సారూ!" అని ఒక్క కేక పెట్టి కూలబడింది. జనం పక్కకు జరిగి దారిచ్చారు. నాన్న దండలు చూశారు, అగరొత్తులు చూశారు, తన తల చూసుకున్నారు. దగ్గరకెళ్లి మెడ కిందున్న నల్ల పట్టీని చేత్తో తడిమారు.

"కోటేదిరా?"

"కంపోజిషన్ కోసం... తీసేశాను నాన్నా."

"మిర్యాలగూడ దాకా పోయి దిగొస్తినిగదరా" అన్నారు. కోపంగా కాదు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన్ను పొరపాటున చంపినందుకు కాదు, ఆ కోటు కోసినందుకు నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

సభ జరిగింది. పిల్లల్లో సగం మంది రానే లేదు. హుజూర్‌నగర్ నుంచి చావుకని పరుగెత్తుకొచ్చిన పాత విద్యార్థి ఒకడు, "తెచ్చిన దండ వాపస్ తీస్కపోలేను సార్" అని దాన్ని ఆయన మెడలోనే వేశాడు. ఫ్లెక్సీని అమ్మ ఇంటికి తెచ్చి బాత్రూం పైన కప్పింది. రెండు వానాకాలాలు నాన్న తల ఎర్ర వృత్తంలోంచి ఆకాశాన్ని చూస్తూ తడిసింది.

ఇప్పుడు కోదాడలో నాకే ఒక ఫ్లెక్సీల దుకాణం ఉంది. నా దగ్గర డిజైన్ చేసే నిడమనూరు అమ్మాయి మొన్న ఫోన్‌లో కొత్త పోస్టర్లు చూపించింది. ఎర్ర వృత్తం, నల్ల పట్టీ, కోసిన తల. "ఇప్పుడు పెద్ద పెద్ద ఆర్టిస్టులంత గిట్లనే చేస్తున్నరు సార్, ప్రైజులు కూడ వస్తున్నయి" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. రంగు ఫొటో పెట్టు, పూలు చల్లు, కింద శుభాకాంక్షలు రాయి అని అరిచాక చూసుకుంటే, నా గొంతులోంచి పన్నెండెనిమిది అన్న మాట్లాడుతున్నాడు. నా కుర్చీ వెనక గోడకు నాన్న కోటు ఫొటో ఉంది, రంగుల్లో, నడుము దాకా. నాన్న అప్పుడప్పుడూ వచ్చి టీ తాగుతూ దాన్ని చూసి, "జర ఒరగబెట్టరాదుర, నీకిష్టం గద" అంటారు. నేను విననట్టే ఉంటాను. రోజూ పొద్దున షట్టర్ ఎత్తగానే మాత్రం, ఫ్యాను గాలికి కొద్దిగా ఒరిగిన ఆ ఫొటోను వేలితో నిటారుగా జరుపుతాను. జరిపినప్పుడల్లా ఒకప్పటి నేను, ఆ ఏటవాలు కుర్రాడు, గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాణ్ణి ఒక్కటి మొట్టాలనీ ఉంటుంది.