పశువైద్యం ర్యాకులో దాచిన పాటలు

ఏళ్ల తరబడి ఇది నా గుండెల మీద రాయిలా కూర్చుని ఉంది. నా భర్తకు చెప్పలేదు. బాసర వెళ్లి కూడా నోరు మూసుకుని దండం పెట్టి వచ్చాను. మీరు నా మొహం ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

కరీంనగర్‌లో యూనివర్సిటీలో నేనూ లావణ్యా ఒకే సార్ దగ్గర పరిశోధన చేసేవాళ్లం. లావణ్యది సిరిసిల్ల, మరమగ్గాల మీద బతికే ఇల్లు. నాకంటే వెనక చేరింది. అయినా సార్ నోట ఎప్పుడూ ఆమె పేరే. నా అధ్యాయాల నిండా ఎర్ర గీతలు, ఆమెవి చదివితే మెచ్చుకోళ్లు. పైకి నవ్వేదాన్ని. లోపల కడుపు మండిపోయేది.

మా లైబ్రరీలో ఒక పాత సిద్ధాంత గ్రంథం ఉండేది. నేత ఇళ్ల ఆడవాళ్ల పాటలను ఎవరో ఊరూరా తిరిగి సేకరించి టైపు కొట్టించినది. ఒకటే ప్రతి. బయటికి ఇవ్వరు. చనిపోయిన లావణ్య అమ్మమ్మ పాటలు కూడా అందులో ఉన్నాయి. ఆమె పరిశోధన అంతా వాటి మీదే. నాకు అలాంటి అమ్మమ్మ లేదు.

గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు ఒక అలవాటు ఉంది. లైబ్రరీ మూసే ముందు తమకు కావలసిన పుస్తకాన్ని ఎవరూ తొంగిచూడని ర్యాకులో దాచి, పొద్దున్నే వచ్చి తీసుకుంటారు. నేనూ దాచాను, పశువైద్యం పుస్తకాల వెనక. నాకు కావాలని కాదు, ఆమెకు దొరకకూడదని. నాలుగు రోజులు ఏడిపించి మళ్లీ పెట్టేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక ఇప్పుడు నన్ను నేను ఓదార్చుకోవడానికి అలా అంటున్నానా?

మర్నాడు లావణ్య నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, గా పాటల పుస్తకం నువ్వేమన్న చూసినవా? ర్యాకుల లేదు. నేనింక అన్ని రాసుకోలే."

"లేదు చెల్లె, నేను చూడలే. దొరుకుతది తియ్యి, పరేషాన్ గాకు."

ఆమెతో కలిసి వెతికాను కూడా. పశువైద్యం వైపు మాత్రం నేనే చూసొస్తానని వెళ్లాను.

ఆ తర్వాత పుస్తకాన్ని అక్కడే వదిలేసి సెలవులకు ఆదిలాబాద్‌లో మా ఇంటికి పోయాను. తిరిగొచ్చేసరికి పశువైద్యం ర్యాకుకు చెద పట్టిందని అందులోవన్నీ, వెనక నేను దాచిన పాటలతో సహా, కుప్ప పోసి తగలబెట్టేశారు. అంశం మార్చుకోమన్నారు సార్. లావణ్య మార్చుకోలేదు, పరిశోధనే మానేసింది. ఇప్పుడు సిరిసిల్లలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతోంది. నేను డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని. నాకు డాక్టరేట్ వచ్చిన రోజు శాలువా కప్పి సంతోషంతో ఏడ్చింది కూడా ఆమే.

మొన్న వాళ్లింటికి వెళ్లాను. కూతురికి జడ వేస్తూ అమ్మమ్మ పాట పాడుతోంది. సగంలో ఆగిపోయింది.

"మిగిలింది యాదికొస్తలేదక్కా" అని నవ్వింది.

నాకు సిగ్గు కలగాలి. కలిగింది. కానీ దానికంటే ముందు, ఆ సగం పాటైనా ఆమెకు ఉంది కదా అని కడుపు మండింది. ఇన్నేళ్ల తర్వాత కూడా. అసలు ఒప్పుకోవలసింది ఇదే. నన్ను క్షమించమని అడగను. చెప్పాను, ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.