మా ఫ్రీజర్ కుచ్చుల గౌను

రేపు అక్కావాళ్ళు వస్తారని నాన్న తెచ్చిన కొరమీను ఈ ఉదయానికి ఫ్రీజర్‌లోనే కుళ్ళిపోయింది. ఆ నీచు నీళ్ళు కింద పాలగిన్నెలోకి కారాయి. వారం నుంచి ఐసు సరిగా కట్టడం లేదు. నందిగామ నుంచి వచ్చిన మెకానిక్ గ్యాస్ అయిపోయిందన్నాడు. ముక్కు మూసుకుని కడుగుతుంటే నాకు అసలు సంగతి కనబడింది. ఫ్రిజ్ మీద అమ్మ వేసిన కవర్ కుచ్చులు తలుపు అంచు రబ్బరులో ఇరుక్కుని, ఫ్రీజర్ తలుపు పూర్తిగా పడటం లేదు.

“ఆ కవర్ తీసెయ్యమ్మా, చల్లదనమంతా బయటికే పోతోంది.”

“తీస్తే దుమ్ము పడిద్దే. రేపు అక్క అత్తగారోళ్ళు చూస్తే ఏమనుకుంటారు?”

“కుళ్ళిన చేపలు పెడితే ఏమనుకుంటారు?”

అమ్మ కవర్ తీసింది. సాయంత్రానికి ఉతికి, ఆరేసి, మళ్ళీ వేసింది. ఈసారి కుచ్చులకు ఇస్త్రీ కూడా చేసింది.

మీ ఇళ్ళలో ఫ్రిజ్‌లు బట్టల్లేకుండానే ఉంటున్నాయా? ఎలా ఒప్పించారో చెప్పండి.