ఫార్వర్డ్‌కి పర్మిట్ ఎవరిచ్చారు?

మా నాన్న ముప్పయ్యారేళ్లు హిందీ మాట్లాడే ఊళ్లోని ఉక్కు ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి, పది వేళ్లతోనూ రిటైరయ్యాడు. ఆ పది వేళ్లనూ ఇప్పటికీ వచ్చినవాళ్లకల్లా చాపి చూపిస్తుంటాడు. ఆయన దృష్టిలో అది దేవుడి దయ కాదు, ఎవడి మాటా నమ్మకపోవడం. లైను బంద్ చేశామని ఆఫీసరే వచ్చి చెప్పినా, పర్మిట్ కాగితం మీద సంతకం చూసి, తానే వెళ్లి స్విచ్ చూసి, దానికి ఎర్ర ట్యాగు తగిలించి, తీగకు టెస్టర్ ఆనించి, ఆ తర్వాతే చెయ్యి పెట్టేవాడు. ట్యాగంటే అరచేతంత రేకు ముక్క. మనుషులు పనిలో ఉన్నారు, స్విచ్ వేయొద్దు అని హిందీలో రాసి ఉంటుంది. తగిలించినవాడే దాన్ని తియ్యాలి. జనరల్ మేనేజర్ వచ్చినా ఇంకొకడు ముట్టుకోకూడదు.

ఈ అపనమ్మకానికి ఒకే ఒక్క మినహాయింపు ఉండేది. నాన్నతోపాటు అదే గ్యాంగులో పనిచేసిన శ్రీకాకుళం మనిషి. నాకు బాబాయి వరస. నాన్న మోటారు లోపల దూరితే స్విచ్ దగ్గర కాపలా బాబాయి, బాబాయి దూరితే నాన్న. బాబాయి "బంద్ అన్నా" అంటే నాన్న చెయ్యి పెట్టేసేవాడు. టెస్టర్ అప్పుడు కూడా పెట్టేవాడట గానీ, మర్యాద కోసమట.

ఇంతటి మనిషి, ఈ ఏడాది వానలు తగ్గగానే చేయించుకోవాల్సిన కంటి ఆపరేషన్‌ని ఒక వీడియో చూసి మానేశాడు.

శుక్లాలు రెండు కళ్లలోనూ ఉన్నాయి. కుడికన్ను బాగా ముదిరింది. డాక్టరు తేదీ ఇచ్చాడు, రక్తపరీక్షలయ్యాయి, మా అమ్మ ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన సంచి సర్ది మూడుసార్లు మళ్లీ సర్దింది. సరిగ్గా అప్పుడు ఊళ్లోనే అవతలి పేట రుఆబాంధాలో ఉండే బాబాయి నుంచి ఆ వీడియో వచ్చింది. తెల్లకోటు వేసుకున్నవాడొకడు హిందీలో, వెనకాల ఏడుపు వాయిద్యంతో, కంట్లో పెట్టే అద్దం ఫోను టవర్ల కరెంటును లాగుతుందనీ, వేడెక్కి వేడెక్కి ఒకరోజు టప్పున పగులుతుందనీ చెబుతాడు. ఆ కోటుకి ఇస్త్రీ కూడా లేదు.

"నాన్నా, దీన్ని నేను నెల క్రితమే చూసి నవ్వుకున్నాను" అన్నాను.

"నవ్వడానికేటుంది ఇందల? ఇండక్షన్ అంటారు దీన్ని. పక్కనుంచి పెద్ద లైనెల్తే, ఈ పక్కనున్న సచ్చిన తీగలో కూడా కరెంటొస్తాది. నా కళ్లతో సూసినాను."

"ఆ కళ్ల గురించే కదా ఇప్పుడు గొడవ!"

నేను స్కూల్లో సైన్సు చెబుతాను. పాతికేళ్లుగా పిల్లల నోళ్లు మూయించిన అనుభవం ఉంది. నాన్న దగ్గర ఏదీ పనికిరాలేదు. డాక్టర్లు రాసినవి వెతికి చూపించాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "నీది ఫోన్లోదే, నాదీ ఫోన్లోదే. నీ ఫోనుకేటి, బంగారం పూత ఏసినారా?" అన్నాడు. క్లాసులో చేసే పనే చేశాను, గొంతు పెంచాను. చదువు లేకపోతే ఇలాగే ఉంటుందన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆ మనిషి ఐటీఐ చదివి, ఓవర్‌టైములు చేసి నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించాడు.

"ఆడు అబద్దం సెప్పడు" అన్నాడు నాన్న నెమ్మదిగా, బాబాయి గురించి. "ఆడు ముప్పై ఏళ్లు నా పేనం పట్టుకుని నిలబడ్డాడు. నీ డాక్టరు ఎప్పుడైనా నిలబడ్డాడేటి?"

ఇప్పుడు ఆలోచిస్తే ఇందులో మూర్ఖత్వం ఎక్కడుందో నాకు కనిపించడం లేదు. సరైన మనిషినే నమ్మాడు. ఆ మనిషికి తెలియని సంగతిలో నమ్మాడు, అంతే. మనం మాత్రం ఇలాంటివి నమ్మేవాళ్లను మెదడు లేనివాళ్లంటాం. వాళ్లు వీడియోని నమ్మరండీ, పంపినవాణ్ణి నమ్ముతారు. అప్పుడు నాకీ మాట తట్టలేదు. తట్టినా ఒప్పుకునేదాన్ని కాదు.

ఈలోగా ఆపరేషన్ తేదీ దాటిపోయింది. డాక్టరు పదిహేను రోజులకు ఇంకో తేదీ ఇచ్చి, ఇంకా ముదరనిస్తే కష్టమవుతుందని గట్టిగా చెప్పాడు.

మా సెక్టర్ ఆరు క్వార్టరు వరండాలో నాన్నకొక బల్ల ఉంది. రిటైరయ్యాక ఆయన ప్లాంటు అదే. వీధిలో ఎవరి మిక్సీ ఆగినా, ఎవరి ఇస్త్రీపెట్టె కాలినా ఆ బల్ల మీదికే వస్తాయి. "దాదాజీ, జరా దేఖ్ దీజియే" అంటూ, కాస్త చూసిపెట్టమని పక్క క్వార్టర్ల కోడళ్లు వస్తే నాన్న ముఖం వెలిగిపోయేది. ఆ నెలలో మాత్రం నీలం తీగ, ఆకుపచ్చ తీగ ఆయనకు ఒక్కలాగే కనిపించడం మొదలైంది. చెప్పలేదు. మా మిక్సీనే విప్పి, బాగుచేసి, బిగించి ఇచ్చాడు. అమ్మ దానిలో కొబ్బరి పచ్చడి వేసి మీట తిప్పి, "ఒలమ్మో!" అని వంటింటి గడప దాకా ఎగిరింది.

పచ్చడి గోడ మీద ఉంది. అమ్మ చెయ్యి విదిలించుకుంటోంది. నాన్న మిక్సీ అడుగున విప్పి, తాను కలిపిన తీగల్ని కిటికీ వెలుగులో పెట్టి ఎంతసేపో చూశాడు. ఆయన చేత్తో ఇంకొకరికి షాక్ తగలడం అదే మొదటిసారి. ఆ సాయంత్రమే బల్లమీదున్న వస్తువులన్నీ ఎవరివి వాళ్లకి తిరిగి ఇచ్చేశాడు. "టైము లేదమ్మా" అని చెప్పాడు, రోజంతా ఖాళీగా కూర్చుని.

నేను మళ్లీ నోరు తెరవబోయాను. అమ్మ నన్ను ఆపింది. అమ్మ అయిదో తరగతి.

"నువ్వుండవే. అరిసి అరిసి నీ గొంతే పోయింది, ఆ కంటి మబ్బు ఇసుమంతైనా కదల్లేదు" అని నాన్న వైపు తిరిగింది. "ముప్పయ్యారేళ్లు ఎక్కడ ఫాల్టుందో ఎతికినారు కదా. ఈ మాట ఎక్కడ పుట్టిందో ఎతకలేరేటి? ఆయనకెవులు సెప్పినారో అడగండి."

నాన్న తలెత్తాడు. ఎన్నాళ్లకో ఆయన ముఖంలో డ్యూటీకి బయల్దేరే కళ చూశాను. కేబుల్ చచ్చిపోతే ఎక్కడ చచ్చిందో కనుక్కోవడానికి ఒక్కో జాయింటూ పట్టుకుని వెనక్కి నడిచేవాళ్లట. ఆ నడకంటే ఆయనకు ప్రాణం.

ఆదివారం పొద్దున్నే నా స్కూటీ మీద నాన్నను ఎక్కించుకుని రుఆబాంధా వెళ్లాను. బాబాయి నొచ్చుకున్నాడు. "అన్నా, నీ మంచికే పంపినాను. జాముల్ల ఉండే మా మేనల్లుడు పంపినాడు. సిమెంటు ప్లాంటుల పని, తెలివైనోడు. ఉండు, ఫోన్ సేస్తాను."

"ఫోన్లో వద్దురా" అన్నాడు నాన్న. "ఫోన్లో లైను షట్‌డౌన్ ఎప్పుడైనా తీసుకున్నామేటి? మనిషిని సూడాల."

బాబాయి ముసలి స్కూటరు ముందూ, మేం వెనకా. బాబాయి ఒక చెయ్యి ఎత్తి దారి పొడుగునా జనానికి నమస్కారాలు పెడుతున్నాడు. జాముల్ చేరేసరికి ముగ్గురి జుట్టూ సిమెంటు దుమ్ముతో ఒకే రంగైపోయింది. నాకు రంగు వేసుకునే ఖర్చు లేకుండా పోయిందని బాబాయి పరాచికం. "మీ ఇద్దరికీ కొత్తగా తెల్లబడేదేముంది బాబాయ్" అన్నాను.

మేనల్లుడు బనీను మీదే బయటికొచ్చాడు. ముగ్గురు పెద్దవాళ్లు ఆదివారం పూట తన ఫోను చూపించమని నిలబడితే బిత్తరపోయాడు. "మామయ్యా, క్యా హువా? పోలీసులొస్తారా? నేను చూడనైనా లేదు. మా ఆవిడ పంపింది."

"సూడకుండా నాకు పంపినావా?" బాబాయి గొంతు లేచింది. "అదే నాను అన్నకి ఇచ్చినాను కదరా! సూడకుండా ట్యాగు తీసీసినావన్నమాట!"

మేనల్లుడి భార్య టీ కప్పులు పట్టుకుని వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది. తర్వాత నవ్వు ముఖంతో, "అక్కా! మీరా! గుర్తుపట్టారా? కాలేజీలో మీకన్నా జూనియర్ని. మన కాలేజీ ఆడపిల్లల గ్రూపులో రోజూ మిమ్మల్ని చూస్తూనే ఉంటా" అంది.

"సరే గానీ తల్లీ, ఆ కంటి వీడియో నీకు ఎవరిచ్చారు?" అని అడిగాను.

"మీరే కదా అక్కా పెట్టారు!"

ఫోను తీసి చూపించింది. నిజమే. నా పేరే. ఆమధ్య స్టాఫ్‌రూమ్ గ్రూపులో ఆ వీడియో చూసి, నవ్వుకుని, కాలేజీ గ్రూపులో పడేశాను. కింద విడిగా, "ఇది నమ్మే మహానుభావులకు శతకోటి దండాలు" అని రాశాను. నా వాక్యానికి నాకే ముచ్చటేసి రెండుసార్లు చదువుకున్నట్టు గుర్తు.

"కింద రాసింది చదవలేదా?"

"లేదక్కా. మీరు పనికిమాలినవి పెట్టరు కదా. మీ పేరు చూసి ఇంట్లో అందరికీ పంపేశాను."

వీడియో ముందుకెళ్లింది. నా వెటకారం అక్కడే కూర్చుంది. జూనియరు, ఆమె భర్త, బాబాయి, చివరికి మా నాన్న. ముగ్గురి చేతులు మారి నా ఇంటికే తిరిగొచ్చింది. తెలివితక్కువవాళ్లు పుకార్లు పుట్టిస్తారనీ, తెలివైనవాళ్లు వాటిని చూసి నవ్వుతారనీ అనుకుంటాం కదా. నవ్విన చేత్తోనే మోసుకెళ్లి ఇస్తామని నాకు జాముల్‌లో, సిమెంటు జుట్టుతో, టీ కప్పు పట్టుకుని ఉండగా తెలిసింది.

నాన్న నవ్వడం మొదలుపెట్టాడు. మొదట భుజాలు కదిలాయి, తర్వాత దగ్గొచ్చింది, తర్వాత కళ్లనీళ్లు. "ఒరే! ఊరంతా తవ్వినాం గానీ, ఫాల్టు మన ఇంటి మెయిన్ బోర్డులో ఉందిరా! ఎమ్మెస్సీ చదివిన బోర్డు!" బాబాయి అందుకున్నాడు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసుకుని ఊగిపోతున్నారు. మేనల్లుడు ఏమీ అర్థంకాక తానూ నవ్వాడు. నాకు కోపం తెచ్చుకోవడానికి చాలా ప్రయత్నించినా నవ్వొచ్చేసింది.

నవ్వాపాక నాన్న అడిగాడు. "నీకెవులిచ్చినారు?"

"స్టాఫ్‌రూమ్‌లో."

"ఆళ్లకి?"

"తెలియదు నాన్నా."

"అంటే సంతకం లేదు." కప్పు కింద పెట్టాడు. "సంతకం లేని పర్మిట్ మీద ఇన్నాళ్లు నా కన్ను ఆపీసినాను."

అయినా మా నాన్న నా మాట మీద ఆపరేషన్‌కి ఒప్పుకున్నాడని మీరనుకుంటే ఆయన మీకు తెలియనట్టే. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "ఆ అద్దం దేంతో చేస్తారు?" డాక్టరు సొరుగులోంచి నమూనా తీసి ఆయన అరచేతిలో పెట్టాడు, చేప పొలుసంత. "ప్లాస్టిక్కండీ, ఒక రకం."

నాన్న నా వైపు తిరిగాడు. "ప్లాస్టిక్కా? ప్లాస్టిక్‌లోకి ఇండక్షన్ ఎలగొస్తాదే? సైన్సు సెప్తావు, ఇన్ని రోజులు అరిసినావు, ఈ ఒక్క ముక్క సెప్పలేవేటి?"

నిజం చెప్పొద్దూ, ఈ ఒక్క ముక్క నాకు తట్టలేదు. నేను ఆయన్ని ఓడించాలని చూశాను గానీ, ఆయనకు తెలిసిన పనిముట్టు ఆయన చేతికివ్వాలని అనుకోలేదు.

ఆపరేషన్ రోజు బాబాయి పొద్దున్నే వచ్చి థియేటరు తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. జేబులోంచి పాత ఎర్ర ట్యాగు తీసి తలుపు పిడికి తగిలించాడు. నర్సు హిందీలో చదివి, నవ్వాపుకోలేక, అలాగే ఉంచింది. పని పూర్తయ్యాక తీసింది కూడా బాబాయే.

మర్నాడు కట్టు విప్పి ఇంటికి వచ్చాక నాన్న వరండాలో నిలబడి ఎదుటి క్వార్టరు తలుపు వైపు చాలాసేపు చూశాడు. "నీలం ఇంత నీలంగా ఉంటాదేటి?" అన్నాడు. వీధిలో పోయే ప్రతివాడి చొక్కా రంగూ చెప్పాడు. లోపలికి వచ్చి గోడమీద ఇంకా మిగిలిన పచ్చడి మరక చూపించాడు, అమ్మకు నచ్చలేదు. కొన్ని రోజులాగి బల్ల సర్దుకుని, ముందుగా మా మిక్సీ విప్పాడు.

"ఈ తీగలు ఏ ఎదవ కలిపినాడు?"

"ఆ ఎదవకి ఇప్పుడే భోజనం పెట్టినాను" అంది అమ్మ లోపల్నుంచి.

కాలేజీ గ్రూపులో నేను తప్పు ఒప్పుకుంటూ రాశాను. వీడియో చూసినంతమంది ఆ ముక్క చూడలేదు. ఎంతైనా క్షమాపణకు వెనకాల వాయిద్యం ఉండదు. అందుకని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఇద్దరు నాకు పిచ్చెక్కిందనుకున్నారు. మూడో ఆవిడ వాళ్ల అత్తగారి ఆపరేషన్ కూడా ఆగిందని చెప్పింది. ఆవిడతో మాత్రం గంటసేపు మాట్లాడాను, ఒక్క వెటకారం లేకుండా. ఆ గంట నాకు ఎంత కష్టమో మా ఇంట్లోవాళ్లకు తెలుసు. పోయిన వారం అత్తగారికి కట్టు విప్పారట.

బాబాయి ఆ ఎర్ర ట్యాగుని నాన్నకిచ్చాడు. నాన్న దాన్ని నా ఫోను చార్జింగ్ పెట్టే ప్లగ్గు పక్కన మేకుకి తగిలించాడు. రోజూ ఫోను తీసేటప్పుడు అది నా వేళ్లకు తగులుతుంది. తీసేద్దామనుకుంటాను. తగిలించినవాడే తియ్యాలి, ఆయన తియ్యడు. అడిగితే పది వేళ్లూ చాపి చూపిస్తాడు.